నానమ్మ నెత్తురు చెప్పిన నిజం

రక్తనిధి డాక్టరమ్మ మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. మంచం మీదున్న పెద్దావిడకు డెబ్భై ఏడేళ్లు. వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి హైదరాబాద్ తీసుకొచ్చారు. మర్నాడు ఆపరేషన్. రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంచాలన్నారు. గ్రూపు చూస్తే బి నెగెటివ్. సరే, దొరకడం కష్టమైనా వెతుకుతారు. కానీ ఆ నమూనాలో మరో సంగతి కూడా తేలింది. అది అడగడానికే డాక్టరమ్మ స్వయంగా వచ్చింది.

"ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అమ్మా?"

"లేదు బిడ్డా. దవాఖాన మొకమే జూడలె."

"కాన్పులెన్ని?"

పెద్దావిడ కొడుకు వైపు చూసింది. ఆ పక్కనే నిలబడ్డ మనవరాలి వైపు చూసింది. గొంతు తగ్గించి చెప్పింది. "అయిదు. ఇద్దరు దక్కిండ్రు."

"మొదటి బిడ్డకేం కాలేదు. పోయినవాళ్లంతా ఆ తర్వాత పుట్టినవాళ్లే. అవునా?"

పెద్దావిడ ఉలిక్కిపడింది. ఇంట్లో ఆ ముగ్గురి ఊసెత్తి యాభై ఏళ్లవుతోంది. మనవరాలికైతే వాళ్లున్నారనే తెలియదు. "నీకెవరు చెప్పిండ్రు?" అంది.

"నీ నెత్తురు చెప్పిందమ్మా" అంది డాక్టరమ్మ.

చాటలో పడుకోబెట్టిన పిల్ల

ఆ రాత్రి నానమ్మకు నిద్ర పట్టలేదు. పక్కన కూర్చున్న మనవరాలికి మొదటిసారి అన్నీ చెప్పింది.

1967లో కొడుకు పుట్టాడు. బొద్దుగా, ఆరోగ్యంగా ఉన్నాడు. ఊరంతా మెచ్చుకుంది. రెండేళ్లకు మరో కొడుకు. పుట్టిన మర్నాటికే ఒళ్లంతా పసుపు పూసినట్టయింది. పసిరికలన్నారు. ఆకుపసరు పోశారు. నాలుగో రోజు పాలు తాగడం మానేశాడు, అయిదో రోజు పోయాడు. ఆ తర్వాత ఆడపిల్ల. కడుపులోనే పోయి, ఒళ్లంతా ఉబ్బి పుట్టింది. నాలుగో కాన్పు ఏడో నెలలోనే అయింది. ఆ బిడ్డ ఏడవనే లేదు.

ఒక్కో కాన్పుకూ ఊరి మాట మారుతూ వచ్చింది. మొదట దిష్టి అన్నారు. తర్వాత గాలి సోకిందన్నారు. చివరికి అసలు మాట అనేశారు, "దాని కడుపే మంచిది కాదు" అని. అత్తగారు కొడుక్కి మళ్లీ పెళ్లి చేయాలని సంబంధాలు వెతికింది. తాత ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది. కానీ శ్రీమంతాలకు పిలవడం మానేశారు. పిలిచినా గాజులు తొడిగే వేళకు "నువ్వు ఆడ కూసో" అనేవారు. కొన్నాళ్లకు ఎవరూ అననక్కర లేకుండా ఆమే పక్కకు తప్పుకోవడం నేర్చుకుంది. బాలింత గదిలోకి తొంగి చూసేది కాదు. సొంత కోడలి కాన్పప్పుడు కూడా గడప బయటే కూర్చుంది.

1976లో అయిదో కాన్పు. ఆడపిల్ల. ఈసారి మొక్కులన్నీ మొక్కారు. పుట్టిన పిల్లను చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటావిడ ఎత్తుకుంది. ఆమెకు చారెడు వడ్లిచ్చి బిడ్డను 'కొనుక్కొచ్చారు'. బిడ్డలు దక్కని ఇళ్లలో అలా చేసేవారు. మృత్యువు ఈ పిల్ల ఎవరికీ అక్కర్లేనిదనుకుని వదిలేస్తుందని నమ్మకం. తెలుగునాట పెంటయ్యలు, పుల్లయ్యలు, భిక్షమయ్యలు ఇంతమంది ఉండటానికి అదే కారణం. ఆ పిల్లకూ అలాంటి పేరే పెట్టారు. పిల్ల బతికింది. పసిరికలు రాలేదు, ఉబ్బలేదు, ఏమీ కాలేదు. మొక్కు ఫలించిందనుకున్నారు.

"మరి అంతకుముందు మొక్కింది సాలలేదేమో" అంది నానమ్మ. యాభై ఏళ్లుగా ఆమెను తొలిచేస్తున్న ప్రశ్న అదే.

ఒకే ఒక్క జన్యువు

మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. దాతలు దొరికారు. సాయంత్రం డాక్టరమ్మ మళ్లీ వచ్చి కొడుకుకీ, మనవరాలికీ కాగితం మీద బొమ్మ గీసి వివరించింది.

మన ఎర్ర రక్తకణాల మీద రకరకాల గుర్తులుంటాయి. వాటిలో ఒకటి 'ఆర్‌హెచ్ డి'. అది ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. దాన్ని తయారుచేసే జన్యువు ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మనకు రెండు ప్రతులు వస్తాయి. ఒక్కటి ఉన్నా చాలు, పాజిటివే. రెండు వైపులా అది లేకపోతేనే నెగెటివ్. మనదేశంలో నూటికి సుమారు అయిదుగురు ఇలాంటివారు. యూరప్ జాతుల్లో పదిహేను మంది దాకా ఉంటారు. ఇది జబ్బు కాదు, లోపమూ కాదు. నెగెటివ్ మనిషి నూరేళ్లూ నిక్షేపంగా బతకొచ్చు.

చిక్కల్లా నెగెటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ పడ్డప్పుడే. తల్లి రక్తం, బిడ్డ రక్తం మామూలుగా కలవవు. మధ్యలో మాయ అడ్డుగోడలా ఉంటుంది. కానీ కాన్పు సమయంలో మాయ ఊడేటప్పుడు బిడ్డ రక్తం కాస్త తల్లి ఒంట్లోకి వెళుతుంది. ఒక్కోసారి కొద్ది చుక్కలే చాలు. తల్లిలోని రోగనిరోధక వ్యవస్థ తానెన్నడూ చూడని 'డి' గుర్తును చూస్తుంది. ఎవరో పరాయివాడు చొరబడ్డాడనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. అయితే అప్పటికే బిడ్డ బయటికి వచ్చేసి ఉంటుంది. అందుకే మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు.

కానీ ఆ వ్యవస్థకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఒకసారి చూసిన శత్రువును మరిచిపోదు. మశూచికైనా, తట్టుకైనా టీకాలు పనిచేసేది ఆ జ్ఞాపకం వల్లే. మళ్లీ పాజిటివ్ బిడ్డ కడుపున పడితే యాంటీబాడీలు ఈసారి వేగంగా, ఎక్కువగా పుడతాయి. అవి చిన్నవి, మాయను దాటి వెళ్లగలవు. నిజానికి తల్లి యాంటీబాడీలు మాయను దాటడం బిడ్డ మేలుకే. పుట్టిన కొత్తలో బిడ్డను జబ్బుల నుంచి కాపాడేవి అవే. ఇక్కడ మాత్రం ఆ దారినే వెళ్లి బిడ్డ ఎర్రకణాలను పగలగొడతాయి. రక్తం తగ్గిపోతుంది. పగిలిన కణాల్లోంచి వచ్చే పచ్చని పదార్థం పుట్టాక కామెర్లుగా బయటపడుతుంది. మెదడుకెక్కితే ప్రాణం తీస్తుంది. ఇంకా తీవ్రమైతే కడుపులోనే ఒళ్లు నీరుపట్టి పోతుంది. కాన్పు కాన్పుకూ తీవ్రత పెరుగుతూ పోతుంది.

పసిరికలు, ఉబ్బిన బిడ్డ, ఏడో నెల. నానమ్మ చెప్పిన వరుస అచ్చం అదే.

"పోయిన పిల్లల రక్తం మనం చూడలేం కాబట్టి నూటికి నూరుపాళ్లు అని అనను" అంది డాక్టరమ్మ. "కానీ ఈమెకు ఎవరూ రక్తం ఎక్కించలేదు. అయినా ఒంట్లో 'డి'కి వ్యతిరేకంగా యాంటీబాడీలున్నాయి. అవి పిల్లల నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి వస్తాయి? యాభై ఏళ్లయినా పోలేదు చూడండి."

అంతలో ఆమెకు మరో సందేహం వచ్చింది. "బతికిన అమ్మాయిది ఏ గ్రూపు?"

మేనత్త గుమ్మంలోనే ఉంది. "నాది గూడ బి నెగెటివే మేడం" అంది.

అదీ సంగతి! తాత పాజిటివే గానీ ఆయన రెండు ప్రతుల్లో ఒకటి ఖాళీ. ఆ ఖాళీ ప్రతి అయిదో బిడ్డకు వచ్చింది. తల్లి నుంచీ ఖాళీయే. అలా పిల్ల నెగెటివ్‌గా పుట్టింది. తల్లి యాంటీబాడీలు మాయను దాటి వచ్చాయి. కానీ పగలగొట్టడానికి వాటికి అక్కడ 'డి' గుర్తే దొరకలేదు. మేనత్తను కాపాడింది పెంటకుప్ప కాదు, తల్లి పోలికే.

సముద్రాలకు అవతల

ఇంతకీ ఈ సంగతి ప్రపంచానికి ఎప్పుడు తెలిసింది? 1939లో న్యూయార్క్ డాక్టర్లు ఫిలిప్ లెవిన్, రూఫస్ స్టెట్సన్ ఒక వింత కేసును ప్రచురించారు. చనిపోయిన బిడ్డను కన్న ఒక తల్లికి భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ఓ గ్రూపే. అయినా ఆమె ఒళ్లు ఆ రక్తాన్ని భరించలేకపోయింది. తండ్రి నుంచి బిడ్డకు వచ్చిన ఏదో గుర్తు మీద తల్లి శరీరం ముందే తిరగబడి ఉంటుందని వారు ఊహించారు. మరుసటి ఏడాది కార్ల్ లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్ రీసస్ కోతుల రక్తంతో చేసిన ప్రయోగాలతో దానికి 'ఆర్‌హెచ్' అన్న పేరొచ్చింది.

కారణం తెలిసింది. మరి నివారణ? ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్ అనే డాక్టరు ఉండేవాడు. సీతాకోకచిలుకల రెక్కల రంగులు వంశపారంపర్యంగా ఎలా వస్తాయో చూడటం ఆయన సరదా. ఆ జన్యుశాస్త్రమే ఆయన్ని రక్తం గ్రూపుల వైపు నడిపించింది. ఆయన దగ్గర పనిచేసిన యువ డాక్టరు రొనాల్డ్ ఫిన్. తల్లీబిడ్డల ఎ, బి, ఓ గ్రూపులు పొసగని చోట ఆర్‌హెచ్ గొడవ తక్కువగా రావడాన్ని వారు గమనించారు. ఉదాహరణకు తల్లిది ఓ, బిడ్డది ఎ అయితే, తల్లి రక్తంలో ముందే ఉన్న యాంటీబాడీలు బిడ్డ కణాలను వచ్చీ రాగానే ఊడ్చేస్తాయి. రోగనిరోధక వ్యవస్థ 'డి' గుర్తును చూసి గుర్తుపెట్టుకునేలోపే ఆ పని అయిపోతుంది. మనమే అలా ఊడ్చేస్తే? కాన్పయిన వెంటనే తల్లికి బయటి నుంచి 'డి' యాంటీబాడీలు ఇస్తే?

వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఏ యాంటీబాడీలు రాకూడదనుకుంటున్నామో అవే సూదిలో పెట్టి ఇవ్వడం! క్లార్క్ భార్య అర్ధరాత్రి ఆయన్ని నిద్రలేపి మరీ ఈ ఆలోచన చెప్పిందని అంటారు. అదే సమయంలో న్యూయార్క్‌లో ఫ్రెడా, గోర్మన్, పొలాక్ కూడా వేరే దారిలో అక్కడికే చేరుకున్నారు. వారు సింగ్‌సింగ్ జైలులో ముందుకొచ్చిన ఖైదీల మీద పరీక్షించారు. జైలు నిబంధనల వల్ల రక్తం ఎక్కించిన మూడు రోజులకు గానీ మందు ఇవ్వడం కుదరలేదు. అయినా పనిచేసింది. ఇవాళ్టికీ డాక్టర్లు "డెబ్భై రెండు గంటల్లోపు" అనడం వెనకున్న కథ ఇదే.

1968లో అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది. ఆ తేదీ విన్న మనవరాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మందు వచ్చిన మరుసటి ఏడాదే నానమ్మకు ఆ పసిరికల పిల్లాడు పుట్టాడు. లోకంలో మందుంది. సూర్యాపేట పల్లెకు ఆ కబురే రాలేదు.

మనవరాలి భయం

నిజానికి ఆమె లెక్కపెట్టింది నానమ్మ కోసమే కాదు. ఆమెది కూడా నెగెటివే. అమ్మానాన్నలిద్దరూ పాజిటివ్ అయినా ఇద్దరిలోనూ దాగిన ఖాళీ ప్రతులు ఆమెలో కలిశాయి. నానమ్మ జన్యువు కొడుకులో ముప్ఫై ఏళ్లు చప్పుడు లేకుండా ఉండి ఆమెలో బయటపడింది. భర్తది పాజిటివ్. ఇప్పుడామెకు మూడో నెల.

అంతకంటే పెద్ద సంగతి, ఇది మొదటి గర్భం కాదు. కిందటేడు నాలుగో నెలలో పోయింది. అప్పుడు చూపించుకున్న ఆసుపత్రి చీటీ మీద గ్రూపు నెగెటివ్ అని రాసే ఉంది. సూది గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. గర్భం పోయినప్పుడు కూడా బిడ్డ రక్తం తల్లిలో కలవవచ్చని ఆమెకు ఇప్పుడే తెలిసింది. అంటే తన ఒంట్లోనూ ఆ జ్ఞాపకం మొదలైపోయిందా?

తెలుసుకోవడానికి చిన్న రక్తపరీక్ష ఉంది. ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ అంటారు. నమూనా ఇచ్చి వచ్చాక ఆమెకు అన్నం సహించలేదు. నానమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "ఉన్నా భయపడాల్సిన కాలం కాదు" అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. కడుపులో బిడ్డకు రక్తం తగ్గిందేమో స్కానింగ్‌లో చూస్తారు. తగ్గితే లోపలే ఎక్కిస్తారు. 1963లో న్యూజిలాండ్‌లో విలియం లైలీ మొదటిసారి చేసి చూపించిన ఆ చికిత్స ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉంది.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. యాంటీబాడీలు లేవు. మనవరాలు ఏడ్చేసింది. ఆమె అదృష్టం బాగుంది. అందరిదీ అలా ఉండాలని లేదు.

ఇక చేయాల్సింది చిన్న పనే. ఇరవై ఎనిమిదో వారంలో మళ్లీ పరీక్ష చేసి ఒక 'యాంటీ-డి' సూది. బిడ్డ పుట్టాక బొడ్డుతాడు రక్తం చూసి, పాజిటివ్ అయితే మూడు రోజుల్లోపు మరొకటి. సూదే లేని రోజుల్లో పాజిటివ్ బిడ్డను కన్న నెగెటివ్ తల్లుల్లో నూటికి పదహారు మందికి యాంటీబాడీలు వచ్చేవి. కాన్పయ్యాక ఇచ్చే సూదితో అది ఒకరిద్దరికి తగ్గింది. ఏడో నెల సూది కూడా కలిస్తే వెయ్యికి ఒకరిద్దరే. నాలుగో నెలలో గర్భం పోయినా, బిడ్డ ట్యూబులో పెరిగినా, కడుపుతో ఉండగా పొట్టకు దెబ్బ తగిలినా డాక్టరును ఈ సూది గురించి అడిగి తీరాలి. ఒకసారి యాంటీబాడీలు వచ్చేశాక మాత్రం సూది పనిచేయదు.

"నా రక్తం పనికొస్తదా?"

ఆ మందు ఎక్కడ నుంచి వస్తుందని నానమ్మే అడిగింది. డాక్టరమ్మ నవ్వి, మనుషుల నెత్తుటి నుంచే అంది. 'డి' యాంటీబాడీలున్న దాతల ప్లాస్మా నుంచి దాన్ని తీస్తారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన ఉండేవాడు. పద్నాలుగేళ్ల వయసులో ఛాతీ ఆపరేషన్‌కు ఎవరెవరో ఇచ్చిన రక్తంతో బతికాడు. పద్దెనిమిదేళ్లు నిండాక తానూ ఇస్తూ వచ్చాడు. ఆయన రక్తంలో ఈ యాంటీబాడీలు మెండుగా ఉన్నాయని తేలింది. 2018లో ఎనభై ఒకటో ఏట ఆపేసేనాటికి 1,173 సార్లు ఇచ్చాడు. ఇరవై నాలుగు లక్షల మంది పిల్లలకు అది అండగా నిలిచిందని అంచనా. సొంత కూతురికీ ఆ మందే వాడారు. 2025 ఫిబ్రవరిలో, ఎనభై ఎనిమిదో ఏట నిద్రలోనే కన్నుమూశాడు.

నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తన ముగ్గురు బిడ్డలను తీసుకుపోయినదే మరొకరి బిడ్డలకు మందు! తర్వాత దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టింది. "మరి నా రక్తం పనికొస్తదా బిడ్డా?"

"ఇవ్వడానికి వయసు దాటిపోయిందమ్మా" అంది డాక్టరమ్మ. ఆ చేతిని మాత్రం చాలాసేపు వదల్లేదు.

తల్లి కడుపు యుద్ధభూమేనా?

ఇదంతా విన్నవారికి తల్లి రోగనిరోధక వ్యవస్థ బిడ్డకు శత్రువన్న భావం కలగొచ్చు. అదీ నిజం కాదు. బిడ్డలో సగం తండ్రిది, అంటే తల్లి ఒంటికి పరాయిదే. వేరొకరి మూత్రపిండం పెడితే తిరగబడే శరీరం బిడ్డను తొమ్మిది నెలలు ఎలా మోస్తుందని 1953లోనే పీటర్ మెదావర్ అనే శాస్త్రవేత్త అడిగాడు. జవాబు ఇప్పటికీ వెతుకుతున్నారు.

దొరికినంతవరకు ఆశ్చర్యకరంగా ఉంది. గర్భసంచి గోడలో తల్లి రోగనిరోధక కణాలు దండిగా చేరతాయి. వాటి పేరు 'నేచురల్ కిల్లర్' కణాలు. పేరుకు హంతకులే గానీ అక్కడ చేసేది మేస్త్రీ పని. బిడ్డకు రక్తం బాగా అందేలా నాళాలు వెడల్పు కావడానికి సాయపడతాయి. ఎంత సాయపడాలన్నది తల్లికున్న 'కిర్' జన్యువుల మీద, బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన గుర్తుల మీద ఆధారపడుతుంది. కొన్ని జోడీల్లో కణాలు మరీ వెనకంజ వేస్తాయి. నాళాలు ఇరుకుగా మిగిలిపోతాయి. అలాంటి తల్లుల్లో రక్తపోటు పెరిగే గుర్రపువాతం ముప్పు ఎక్కువని కేంబ్రిడ్జ్‌లో ఆష్లీ మోఫెట్ బృందం 2004లో చూపించింది. అంటే రోగనిరోధక వ్యవస్థ ఎక్కువైనా ఇబ్బందే, తగ్గినా ఇబ్బందే. ఆ పొందిక ఎలా కుదురుతుందన్నది తల్లీ తండ్రీ ఇచ్చే జన్యువుల చేతిలో ఉంది. అందులో ఎవరి తప్పూ లేదు. తన జన్యువులను ఎంచుకుని పుట్టినవారెవరు?

గాజులు

ఏడో నెల సూది అయ్యాక ఊళ్లో శ్రీమంతం చేశారు. చేతికర్ర సాయంతో నడుస్తున్న నానమ్మ ఎప్పటిలాగే వెనక వరుసలో గోడకానుకుని కూర్చుంది. మొదటి గాజులు నానమ్మే తొడగాలని మనవరాలు పట్టుబట్టింది.

"నా చెయ్యి వద్దు బిడ్డా."

"నీ చేతిలో ఏం లేదు నానమ్మా. ఉన్నది నెత్తుట్ల. అది నాలో గూడ ఉంది."

నలుగురూ చూస్తుండగా మేనత్త వెళ్లి తల్లిని లేవదీసి తీసుకొచ్చింది. వణికే వేళ్లతో గాజులు తొడగడానికి కాస్త సమయం పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

బిడ్డ నెలలు నిండాకే పుట్టాడు. బి పాజిటివ్. ఒంటి మీద పసుపు ఛాయ లేదు. అందరూ బిడ్డ చుట్టూ మూగి ముక్కెవరిది, నోరెవరిదని పోలికలు వెతుకుతున్నారు. నానమ్మ మాత్రం తలుపు దగ్గర నర్సును ఆపింది.

"సూది ఇచ్చిండ్రా బిడ్డా? మూడు రోజులు దాటొద్దంట."

"పొద్దుననే ఇచ్చినం అవ్వా."

అప్పుడు గడప దాటి లోపలికి వెళ్లి, మనవరాలి పక్కన కూర్చుని, బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.